కత్తెర అంచున తెల్లపొడి

ఆ సోమవారం చేయవలసిన పనులను కొలతల పుస్తకం చివరి పేజీలో రాసుకుంది డిగ్రీ. పెద్దమ్మ చీలమండలు టేపుతో కొలవాలి. పెద్దమ్మకు బీపీ చూడాలి. పెద్దమ్మ మాత్ర మారుస్తారేమో డాక్టరమ్మను అడగాలి. యూనిఫాంలకు గుండీలు కుట్టాలి.

ఆ ఇంట్లో మొదట పట్టా పుచ్చుకున్న పిల్ల కాబట్టి, డిగ్రీ అని పేరు పెట్టింది పెద్దమ్మే. పెద్దమ్మా, అమ్మా కలిసి దర్జీ దుకాణం నడుపుతారు. ఇద్దరికీ బీపీ ఉంది. పెద్దమ్మది రక్తనాళాలను వదులు చేసే మాత్ర. అది మొదలుపెట్టాక పాదాలు ఉబ్బి మిషను తొక్కడం గగనమైంది. అమ్మది ఒంట్లోని ఉప్పునూ నీటినీ బయటికి పంపే మాత్ర. దానితో గంటకోసారి లేవాలి.

"కొలత తీస్తూ తీస్తూ మీ అమ్మ పరుగో పరుగు. పాపం ఆ వచ్చినావిడ చేతులు చాపుకుని చేలో బొమ్మలా నిలబడాలి" అని పెద్దమ్మ నవ్వేది.

కొన్నాళ్ళుగా అమ్మ అలా పరుగెత్తడం లేదు. డిగ్రీ అది గమనించలేదు.

టేపు తీసుకుని వెళ్ళేసరికి పెద్దమ్మ మిషను మీంచి లేచింది. కళ్ళు బైర్లు కమ్మి గుడ్డల కుప్ప మీద కూలబడింది. బీపీ చూస్తే పై అంకె తొంభై కూడా లేదు. పక్కనే దారాలు తుంచే చిన్న కత్తెర, దాని అంచున తెల్లపొడి. దుకాణంలో వాడే సుద్ద నీలం రంగుది.

"ఇదేంటమ్మా?"

అమ్మ కత్తెర అంచు కొంగుతో తుడిచింది. "అక్క కాళ్ళలో నీళ్ళు. నా మాత్ర నీళ్ళు తీసేదేగా! సగం కత్తిరించి ఇస్తున్నా, రెండు వారాల్నించి."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందే" అని గొణిగింది పడుకున్న పెద్దమ్మ.

ఇద్దరినీ తీసుకెళ్తే, సంగతి విని డాక్టరమ్మ తిట్టలేదు. "ఈ వాపు ఒంట్లో నీళ్ళెక్కువై వచ్చింది కాదమ్మా. మీ మాత్ర వల్ల సన్న నాళాల్లోంచి ఊరేది. నీటి మాత్ర దీన్ని పెద్దగా తగ్గించదు, బీపీని మాత్రం పడగొట్టింది. ఇంకో రకం రాస్తాను. కొందరికి దాంతో పొడిదగ్గు వస్తుంది. వస్తే నాకు చెప్పండి, మీ చెల్లెలికి కాదు."

తర్వాత ఆవిడ అమ్మవైపు తిరిగింది. "సగం అక్కకిస్తే, మరి మీరేం వేసుకున్నారు?"

"మిగతా సగం. నాకేం, బాగానే ఉన్నా."

చేతికి బీపీ పట్టీ చుట్టి చూస్తే పై అంకె నూట ఎనభై.

"ఒసే పిచ్చిదానా, నా కాళ్ళ కోసం నీ ప్రాణం మీదికి తెచ్చుకున్నావటే!" అంటూ పెద్దమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. పట్టీ విప్పినా ఆ చెయ్యి వదల్లేదు.

డిగ్రీ పుస్తకం తెరిచింది. పొద్దున రాసుకున్న నాలుగు పనుల్లో అమ్మ పేరే లేదు. కలం తీసి, అన్నిటికంటే పైన ఒక వరుస రాసింది: అమ్మకు బీపీ చూడాలి.

మీ ఇంట్లో మందుల చీటీ పట్టుకున్నప్పుడల్లా, తన మాత్రను దారాల కత్తెరతో రెండు చేసిన ఆ చెల్లెలిని ఒక్కసారి తలుచుకోండి.