పదిహేడు గడుల తెర

నేను ఒక తెరను. గోడకు వేలాడేదాన్ని కాదు, కంప్యూటర్‌లో కనిపించేదాన్ని. బయటివాళ్ళెవరూ నన్ను చూడలేదు. విశాఖపట్నంలో ఋషికొండ మీద, సముద్రం వైపు కిటికీలున్న ఒక ఆఫీసులో ఐదుగురు మాత్రమే నన్ను వాడేవారు. ఆ ఐదుగురికీ నేనంటే భయం.

ఆ ఆఫీసువాళ్ళు తొమ్మిది ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తారు. ఏ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఏ గ్రూపు రక్తం ఎన్ని ప్యాకెట్లుందో చూపించే సాఫ్ట్‌వేర్ అది. నెలకు రెండు మూడుసార్లు దాన్ని మార్చి కొత్తది పంపాలి. ఆ పంపే పని నాది. ముందు ఆఫీసులోనే ఉన్న పరీక్ష యంత్రానికి పంపి చూసుకుంటారు, అన్నీ బాగుంటే ఆసుపత్రులకు పంపుతారు. వినడానికి ఎంత తేలికో చూడండి!

నన్ను తయారు చేసినవాడు సన్యాసిరావు, అనకాపల్లి మనిషి. అప్పట్లో పంపే పనంతా ఆయనే చూసేవాడు కాబట్టి, తన కోసం తనే మూడు వారాల్లో నన్ను కట్టుకున్నాడు. మొత్తం పదిహేడు గడులు పెట్టాడు. కొన్నింటికి పేర్లు కూడా పెట్టలేదు. ఆయనకు గుర్తుంటుంది కదా, పేరెందుకు? పదహారు గడులు, వాటి కింద ‘పంపు’ అనే మీట పెట్టాక, ‘ఎక్కడికి’ అనే గడి మరిచిపోయానని గుర్తొచ్చింది. పైన చోటు లేక మీట కిందే అతికించాడు. తెరను కిందికి జరిపితే తప్ప అది కనబడదు. అంతేకాదు, మిగతా గడులన్నీ ప్రతిసారీ ఖాళీ అవుతాయి గానీ ఆ ఒక్కటీ కావు. కిందటిసారి ఏది ఎంచుకుంటే అదే అందులో ఉండిపోతుంది. ఇల్లు కట్టి, తలుపు పెరట్లో పెట్టినట్టు.

నాలుగేళ్ళకు ఆయన పెద్ద పదవిలోకి వెళ్ళాడు. నేను ఐదుగురి చేతుల్లో పడ్డాను. అందులో ఒకామె నీలవేణి.

నీలవేణిది బొబ్బిలి. పని నేర్చుకున్న మొదటి వారమే ఒక నోటుపుస్తకంలో నా గురించి ఇరవైమూడు మెట్లు రాసుకుంది. ‘ఆరో గడి ముట్టుకోకు, ఎందుకో తెలీదు’ అని ఒక మెట్టు. ‘ఇక్కడ ఆగు. కిందికి జరిపి చూడు’ అని పందొమ్మిదో మెట్టు. పని ఉన్న రోజు ఆమె ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. కుర్చీ అంచున కూర్చుని, చదివిందే చదివేది. ఆ కంగారు నాకూ అంటుకునేది. ఏ గడిలో ఏముందో నాకు తెలుసు. చెప్పడానికి మాత్రం నోరు లేదు.

ఒక బుధవారం పదకొండు గంటలకు ఆమె సగం తయారైన సాఫ్ట్‌వేర్‌ను పరీక్ష యంత్రానికి పంపబోయింది. పద్దెనిమిదో మెట్టు దగ్గర ఫోను మోగింది. ఏదో ఆసుపత్రివాళ్ళు, తమ కంప్యూటర్‌లో లెక్కలు నెమ్మదిగా వస్తున్నాయని. మాట్లాడి ఫోను పెట్టేసి, మళ్ళీ నా వైపు తిరిగింది. నోటుపుస్తకంలో చూపు పందొమ్మిది దాటి ఇరవయ్యో మెట్టు మీద పడింది. ‘పంపు’ నొక్కింది.

కింద, ఆమెకు కనబడని గడిలో, కిందటి శుక్రవారం ఎంచుకున్న ‘అన్ని ఆసుపత్రులు’ అలాగే ఉంది.

నేను పంపాను. నాకు తెలిసింది అదొక్కటే.

పావుగంటకు కొండల దగ్గరి ఒక ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. “అమ్మా, బి నెగటివ్ రెండు ప్యాకెట్లున్నట్టు మీ కంప్యూటర్ చూపిస్తంది. ఫ్రిజ్‌లో ఒక్కటీ లేదు. కాన్పు మనిషి బల్ల మీదుంది, డాక్టరుగారు కేకలేస్తన్నారు. ఏటి సేయమంటావు?”

ఆ రెండు ప్యాకెట్లూ పరీక్ష కోసం ఎవరో వేసిన ఉత్తుత్తి అంకెలు.

నీలవేణి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా చేతులు ఆగలేదు. మిగతా ఎనిమిది ఆసుపత్రులకూ తనే వరుసగా ఫోన్లు చేసి, కంప్యూటర్‌లో కనిపించే లెక్క నమ్మొద్దని చెబుతూ, బి నెగటివ్ కోసం అడిగింది. ఐదో చోట దొరికింది. నలభై నిమిషాలకు కారులో రక్తం చేరింది. తల్లీ బిడ్డా బతికారని నర్సు చెప్పాక, ఫోను పెట్టేసి, మెట్ల దారిలోకి వెళ్ళి కూర్చుంది. అక్కడ ఏం చేసిందో నాకు తెలియదు.

విచారణ కాగితం సన్యాసిరావే రాశాడు. కారణం అన్నచోట రెండు మాటలు: ‘మనిషి పొరపాటు’. నీలవేణికి పంపే అధికారం తీసేశారు.

“చూసుకోవద్దా నీలవేణీ?” అన్నాడు, కోపం కన్నా బాధతోనే.

“చూసుకోవాలి సార్,” అంది ఆమె.

ఇకముందు ఇలా జరగకుండా నాకు నాలుగు ప్రశ్నలు తగిలించారు. ‘నిజంగా పంపాలా?’ ‘మళ్ళీ ఆలోచించారా?’ లాంటివి. మొదటి రోజు అందరూ చదివారు. మూడో రోజు నుంచి అవును, అవును, అవును, అవును. మనుషులు తోవలో అడ్డం వచ్చిన కోడిపిల్లలను తోలినట్టు ఆ ప్రశ్నలను తోలేసేవారు.

నెల తిరక్కుండానే రెహానా వచ్చింది. గుంటూరు అమ్మాయి. ఆమె ఉద్యోగం నాకు విచిత్రంగా తోచింది. పరికరాలు వాడే మనుషుల పక్కన కూర్చుని, వాళ్ళు ఎలా వాడుతున్నారో చూడటం. సలహా చెప్పదు, దిద్దదు. “మీ మనసులో ఏమనుకుంటున్నారో అది పైకి అనండి చాలు,” అంటుంది. ఆపైన ఎంత నిశ్శబ్దంగా ఉన్నా తట్టుకుంటుంది.

నలుగురి పక్కన కూర్చుంది. వాళ్ళ రహస్యాలన్నీ బయటపడ్డాయి. జగన్నాథం ‘పంపు’ నొక్కే ముందు ఆంజనేయస్వామిని తలుచుకుంటాడు. ఇంకొకాయన భోజనానికి ముందే పంపుతాడు, తేడా వస్తే సాయానికి జనం ఉంటారని. నలుగురిలో ఎవ్వరికీ ఆరో గడి ఏమిటో తెలియదు. నలుగురూ మీట కింది గడిని ఎప్పుడో ఒకప్పుడు మరిచినవాళ్ళే. అదృష్టం కొద్దీ బయటపడ్డారు, సిగ్గుపడి దాచుకున్నారు.

ఐదో మనిషి మాత్రం రానంది.

“నా తప్పు రాసేశారు కదా మేడం. ఇంకేటి చూస్తారు?”

“మీ తప్పు చూడ్డానికి రాలేదండీ. దాని తప్పు చూడ్డానికొచ్చా,” అంది రెహానా, నన్ను చూపిస్తూ.

 రెండు రోజుల తరవాత నీలవేణి తనే వచ్చి, నోటుపుస్తకం ఆమె బల్ల మీద పెట్టింది. రెహానా ఇరవైమూడు మెట్లూ చదివి, పందొమ్మిదో మెట్టు దగ్గర వేలు ఆపింది. “ఇన్నాళ్ళూ పని చేసింది ఈ పుస్తకమండీ. ఆ తెర కాదు,” అంది.

నాకు చురుక్కుమంది. కాని నిజమే.

తప్పు తెరదేనని రెహానా చెబితే సన్యాసిరావు ఒప్పుకోలేదు. “శ్రద్ధగా చూస్తే అన్నీ కనబడతాయి రెహానా. నేను నాలుగేళ్ళు వాడేను. ఒక్కసారీ తప్పు జరగలేదు.”

“అయితే ఒక్కసారి కూర్చోండి సార్. ఆసుపత్రులతో సంబంధం లేని నకలు ఒకటి చేయించాను. పరీక్ష యంత్రానికి మాత్రమే పంపండి. అంతే.”

సోమవారం మధ్యాహ్నం ఆయన నా నకలు ముందు కూర్చున్నాడు. ఐదుగురూ వెనక నిలబడ్డారు. సన్యాసిరావు చొక్కా చేతులు మడిచాడు. “ఇది తేదీ. ఇది వెర్షను. ఇదేంటబ్బా... ఆఁ, వదిలెయ్యొచ్చు.” పదహారు గడులూ నింపి, ‘పంపు’ నొక్కాడు. నాలుగు ప్రశ్నలూ వచ్చాయి. నవ్వుతూ నాలుగింటికీ అవునన్నాడు.

తొమ్మిది ఆసుపత్రులకూ చేరిందని తెర మీద వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నీలవేణి తల దించుకుంది. గెలిచినట్టు లేదు ఆమె ముఖం. పడినవాణ్ణి చూసి తన మోకాలు తడుముకున్న మనిషిలా ఉంది.

“కావాలని అలా పెట్టి ఉంచారా?” అన్నాడాయన.

“ఆ బుధవారం ఎలా ఉందో అలాగే ఉంచామండీ,” అంది రెహానా.

 ఆయన తెరను తనే కిందికి జరిపి, మీట కింద దాగిన గడిని చూశాడు. “ఇక్కడ పెట్టింది నేనే,” అన్నాడు. “చోటు లేక పెట్టేను. తరవాత మారుద్దామనుకున్నాను.” అప్పుడు నీలవేణి వైపు తిరిగాడు. “అమ్మా, ఆ కాగితం తప్పు రాశాను. తిరగరాస్తాను. అందరికీ పంపుతాను.”

“ఏడు వారాలైంది సార్,” అంది నీలవేణి.  “మా అమ్మకి కూడా సెప్పలేదు. ఆ కాన్పు మనిషి పేరేటో కనుక్కొని, రోజూ తలుసుకుంటన్నాను.”



కొత్త తెరను మొదట కాగితాల మీద గీశారు. నీలవేణే గీసింది. ‘ఎక్కడికి’ అన్నది అన్నిటికన్నా పైన. ఆసుపత్రులకైతే ఎరుపు, పరీక్షకైతే ఆకుపచ్చ అని ఎంతో మురిసి చూపించింది. జగన్నాథం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “రెండూ ఒకలాగే ఉన్నాయి కదేటి?” అన్నాడు. ఆయనకు ఆ రెండు రంగుల తేడా తెలియదని ఆరేళ్ళుగా పక్కన కూర్చున్నవాళ్ళకే తెలియదు. రంగులు పోయి మాటలొచ్చాయి. ఆసుపత్రుల పేర్లు ఒక్కొక్కటీ కనబడాలి. పంపినదాన్ని నిమిషంలో వెనక్కి తీసుకునే మీట ఉండాలి. నా పదిహేడు గడుల్లో నాలుగే మిగిలాయి. ఆరో గడి దేనికని సన్యాసిరావును అడిగితే, కాసేపు బుర్ర గోక్కుని, “గుర్తులేదు,” అన్నాడు.

ఇక నేను అక్కర్లేదు. అయినా ఒక పని మిగిలింది. కొత్త తెర మాట ఆసుపత్రుల యంత్రాలు వినాలంటే వాటిలో చిన్న మార్పు చేయాలి. ఆ మార్పును మోసుకెళ్ళడానికి నేను తప్ప వేరే దారి లేదు. నాకు బదులుగా వచ్చేదాన్ని నేనే గడప దాటించాలి.

ఒక గురువారం ఉదయం నీలవేణి నా ముందు కూర్చుంది. అధికారం తిరిగి ఇచ్చాక అదే మొదటిసారి. సన్యాసిరావు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“మీరే నొక్కండి సార్.”

“నువ్వే నొక్కు. నేను చదువుతుంటాను.”

ఫోను మోగింది. ఆయన చేయి చాచి, ఎత్తి, “పది నిమిషాలాగి చెయ్యండి,” అని పెట్టేశాడు. ఆమె కిందికి జరిపింది. గడిలో ఉన్నది పైకి చదివింది. ఆయన కూడా చదివాడు. నొక్కింది.

జీవితంలో మొదటిసారి, ఎక్కడికి వెళ్ళమన్నారో అక్కడికే వెళుతున్నానని నాకే కాక పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ తెలిసి వెళ్ళాను. తొమ్మిది ఆసుపత్రులు, తొమ్మిది జవాబులు. నీలవేణి ఊపిరి వదిలింది.

ఆ సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్‌లో నన్ను తెరిచే చిరునామా తీసేశారు. నా ముక్కలు మాత్రం ‘పాతవి’ అనే అరలో భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు నన్నెవరూ తిట్టుకోరు, నా ముందు ఏ దేవుణ్ణీ తలుచుకోరు. పక్క గదిలో పంపే పని జరుగుతూనే ఉందని మాత్రం తెలుసు. ఎవరో ఏదో గడి దగ్గర తటపటాయిస్తున్నారేమో, ఎవరైనా పక్కన కూర్చుని చూస్తున్నారో లేదోనని, ఇంత విశ్రాంతిలోనూ నాకు కుదురు లేదు.