బానెట్ కింద నిమ్మచెక్క

"గేర్‌బాక్స్ పోయింది, దించాల్సిందే" అని కోదాడ మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా తేల్చేశాడు. ఆ మాట ఫోన్లో విన్న కారు యజమాని, మిర్యాలగూడ రైస్‌మిల్లు కృష్ణమూర్తి సారు ఇంకా తొందరగా తేల్చేశాడు.

"సాయంత్రంలోపు బాగైతే మిల్లుకు తీస్కరా. లేకుంటే అమ్మేసి గేర్ల బండి కొంట. నువ్వు వేరే పని సూస్కో మట్టయ్యా."

వేరే పని ఎక్కడుంది? మట్టయ్యకు ఎడమకాలు మోకాలి కింద లేదు. సారు బియ్యం లారీ కిందే పోయింది. క్లచ్ తొక్కే బండి అతను నడపలేడు. అందుకే ఈ ఆటోమేటిక్ కారుకు డ్రైవర్‌గా పెట్టుకున్నాడు సారు. కాలు తీసుకున్నవాడే స్టీరింగ్ ఇచ్చాడు కదా, మిర్యాలగూడలో దాన్ని ధర్మం అంటారు.

ఒక్క గేరులోనే ఇరుక్కుపోయిన బండిని ఈడ్చుకుంటూ సూర్యాపేట చేరాడు. అక్కడ నరేందర్ కార్ల కరెంటు పని చేస్తాడు.

"గేర్‌బాక్స్ ఖతమేనా తమ్మీ?"

"సూడనియ్యే అన్నా. నువ్వు గిట్ల మీదపడితే మీటర్‌ల నీ బీపీ సూపిస్తది."

నరేందర్ బండి కిందికి దూరి గేర్‌బాక్స్‌కున్న వైర్ల ప్లగ్గు ఊడదీశాడు. లోపల గేర్లు మార్చే సోలినాయిడ్లుంటాయి, కరెంటు అందితేనే కదులుతాయి. ఒక్కోదానికీ మీటరు పెట్టి చూసి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాడు. లోపల టక్కుమంది. ఇంకోదానికి ఇచ్చాడు. అదీ టక్కుమంది. మట్టయ్య నేలమీద బోర్లా పడి, ఊపిరి బిగబట్టి విన్నాడు.

"మనిషి బతికే ఉన్నడు. అన్నమే అందుతలేదు" అన్నాడు నరేందర్.

వైర్ల వెంట పైకొచ్చి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ పక్కన గేర్లను నడిపించే కంప్యూటర్ డబ్బా ఉంది. దాని ప్లగ్గు మీద కుంకుమ అద్దిన నిమ్మచెక్క, ఎండి అతుక్కుపోయి కనిపించింది. ప్లగ్గు విప్పితే లోపలి పిన్ను పచ్చగా చిలుమెక్కి, ముట్టుకోగానే రాలిపోయింది.

"రసం కారి పిన్ను తినేసింది. ఎవడు పెట్టిండే దీన్ని?"

ప్రతి అమావాస్యకూ సారు భార్య రాధమ్మ నిమ్మకాయ కోసి ఇస్తుంది. బయట కడితే నామోషీ అని బానెట్ లోపల పెట్టమంటుంది. పెట్టేది మట్టయ్యే. బండికి దిష్టి తగిలితే తన బతుకుకు తగిలినట్టేనని, దండం పెట్టి మరీ పెట్టేవాడు.

"ఎవడైతే ఏంది. జేయి తమ్మీ, నీ కాళ్లు మొక్కుత."

"ఒంటికాలి మీద వంగి పడతవ్. టార్చి పట్టు."

నరేందర్ పోయిన పిన్నును వదిలేసి వైరును నేరుగా డబ్బాకే టంకం పెట్టి అతికించాడు. రేకు అంచు మట్టయ్య అరచేతిని కోసింది. అతను చూసుకోలేదు.

"గిది పైపై పని అన్నా. జర తడి తగిలినా డబ్బానే కాలుతది. గప్పుడు నేనేం జెయ్యలేను."

దారి పొడుగునా గేరు మారిన ప్రతిసారీ మట్టయ్య చెవి రిక్కించి విన్నాడు. పొద్దు వాలకముందే మిల్లులో బండి ఆపాడు. సారు తానే ఎక్కి ఆవరణంతా ఒక చుట్టు తిప్పాడు.

"సరె, ఉండనీ" అన్నాడు.

మట్టయ్య కళ్లు తుడుచుకునేలోపే రాధమ్మ వచ్చింది. చేతిలో అప్పుడే కోసిన నిమ్మచెక్క, కుంకుమ కారుతూ ఉంది.

"దిష్టే మట్టయ్యా. పాతది తీసి ఇది పెట్టు."

"బంపర్‌కు కడతనమ్మా."

"నలుగురు సూస్తే నామోషీ. లోపల్నే పెట్టు."

అసలు సంగతి చెబుదామని మట్టయ్య నోరు తెరిచాడు.

"అమ్మ చెప్పింది చెయ్" అన్నాడు సారు. "ఎదురు మాటలు ఎప్పుడు నేర్చినవ్?"

మట్టయ్య నిమ్మచెక్క అందుకుని బానెట్ ఎత్తాడు. ఇద్దరూ చూస్తున్నారు. వంగి చేయి లోపలికి పెట్టాడు. గుప్పెట విప్పకుండానే వెనక్కి తీసి, బానెట్ వేశాడు. అరచేతిలో తెగిన చోట రసం భగ్గుమంది.

"పెట్టినవా?"

"పెట్టిన అమ్మా."

"మంచిది. రేపు పొద్దుగాల పసుపునీళ్లు తెస్త. లోపల నేనే సల్లుత. బానెట్ తీసి ఉంచు."