మూడో పేరు దగ్గర మూగపోయిన మైకు

నేను ఒక మైకుని. సభల్లో నిటారుగా నిలబడి ఈలలు వేసే జాతి కాదు. చిక్కుడు గింజంత ఉంటాను. వార్తలు చదివేవాళ్ల కాలరుకు నన్ను గుచ్చుతారు. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్లకోట్లు వేసుకున్న ఆడవాళ్లు నా చెవి పరీక్షించి, మెత్తని పెట్టెలో పడుకోబెట్టారు. ఏ పాటల స్టూడియోకో వెళతానని కలలు కన్నాను. తీరా పెట్టె మూత తీసినవాడి భుజాల మీద నక్షత్రాలు కనిపించాయి.

నేను చేరింది ఒక దేశపు జాతీయ టీవీకి. దాని యజమాని సైన్యం. ఆ దేశం పేరు చెప్పను, నాకు ఇప్పటికీ భయమే. గోడలకు చెవులుంటాయని మనుషులు మాటవరసకు అంటారు. అక్కడ ఆ చెవిని నేనే. విన్నది విన్నట్టు తీగ వెంట పంపడం తప్ప నాకేమీ తెలియదు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్లుంటారే, నాది ఆ బాపతు. అందుకే నా దగ్గర ఎవరైనా కాస్త గట్టిగా నిట్టూర్చినా హడలిపోయేదాన్ని.

అక్కడ ఇద్దరి చేతుల మీదుగా బతికాను. సింహాద్రి సౌండు చూసేవాడు. అతని తాత బియ్యం మిల్లులో మూటలు మోయడానికి విశాఖ రేవులో ఓడెక్కి వచ్చాడట. వార్తలు చదివే ఆవిడదీ అదే తెలుగువాళ్ల పేట. తెర మీద ఆ దేశపు భాషలో ఏదో గంభీరమైన పేరు పడేది కానీ, ఇంట్లో ఆమె పైడమ్మ. సింహాద్రిని మావయ్యా అని పిలిచేది. ఆమెకు నన్ను గుచ్చే ముందు అతను దుమ్ము ఊది, తన చొక్కా అంచుతో నన్ను తుడిచేవాడు. పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా మానలేదు.

అక్కడ వార్తల కంటే పేర్లు ముఖ్యం. వంతెన ప్రారంభించినా, బడిలో మిఠాయిలు పంచినా, వచ్చిన జనరల్స్ అందరినీ హోదా వరసలో, బిరుదులతో సహా చదవాలి. ప్రతి పేజీ మీద ఒక మేజరు సంతకం ఉంటుంది. సంతకం పడ్డాక కామా కూడా కదపకూడదు. ఒకసారి ఒకాయన, ఇందులో తప్పుందండీ అంటూ పేజీ పట్టుకుని మేజరు గదికి వెళ్లాడు. మర్నాడు ఆయన కుర్చీలో వేరేవాళ్లు కూర్చున్నారు. ఆయన ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. అందరికీ పెళ్లాం పిల్లలున్నారు మరి.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట వార్తలకు ఇంకా ఐదు నిమిషాలుంది. నా తీగ ఇంకా తగిలించలేదు. పైడమ్మ కాలరుకు నన్ను గుచ్చగానే ఆమె గుండె డోలు మోగినట్టు వినిపించింది.

"ఏటమ్మీ, సేతులలా ఒణుకుతన్నాయి?" అన్నాడు సింహాద్రి.

"నడవాలో జనరల్స్ పటాలు సూసావా మావయ్యా? పొద్దుట పన్నెండుండేవి, ఇప్పుడు పదకొండే. మూడో ఆయన పటం తీసీసి మిగతావాటిని జరిపీసినారు. ఆయన్ని పీకీసినట్టే గదా! ఈ కాయితంలో మూడో పేరు ఆయనదే."

"మేజరు సూసుకోనేదా?"

"నిన్నటి జాబితా మీద సంతకం పెట్టీసినాడు. సదివితే ద్రోహిని పొగిడినానంటారు. సదవకపోతే సంతకం కాయితం మార్చీసినానంటారు. ఎల్లి సెప్తే నీకెలా తెలుసంటారు. నా పని అయిపోనాది మావయ్యా. మూడింటికి పిల్ల బడి నుంచి వొచ్చీస్తాది. దాన్నెవరు సూస్తారు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సింహాద్రి నా తీగ తగిలించబోయి ఆగాడు.

"కాయితంలో ఉన్నది ఉన్నట్టు సదువు. మిగతాది నాకొదిలీ."

ఎర్రదీపం వెలిగింది. పైడమ్మ మొదటి పేరు చదివింది. రెండోది చదివింది. దేవుడా, నన్ను చెవిటిదాన్ని చెయ్యి అని మొక్కుకున్నాను. మూడో పేరు ఆమె నోటినుంచి రాగానే, బుద్ధి తక్కువదాన్ని కదా, అక్షరం పొల్లుపోకుండా పంపేశాను. కానీ అద్దం వెనక గదిలో సింహాద్రి మీట కిందికి లాగేశాడు. నాలుగు సెకన్లపాటు దేశమంతా పైడమ్మ పెదవులు కదలడం చూసింది, మాట వినలేదు. నాలుగో పేరుకు మీట మళ్లీ పైకి లేచింది.

వార్తలు అవుతూనే పై అంతస్తులో ఫోను మోగింది. ఆ పేరు దగ్గరే గొంతు నొక్కింది ఎవరని పైవాళ్ల ప్రశ్న. మనిషి అని తేలితే సింహాద్రి గతి అంతే. నీకెవరు చెప్పారని అతన్ని నాలుగు బాదితే పైడమ్మ పేరు బయటికి వస్తుంది. నింద మోయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నలిగిన తీగైతే మధ్యలో మూగబోయి మళ్లీ పలుకుతుంది, చివరికి తెగుతుంది. నాకేమో ఏ రోగమూ లేదాయె.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది. సింహాద్రి పరిగెత్తుకొచ్చి పైడమ్మ కాలరు నుంచి నన్ను ఊడదీసి, బల్ల మీది చాకు అందుకున్నాడు. చాకుతో కోస్తే కోసినట్టు తెలిసిపోతుందని కాబోలు, దాన్ని పక్కన పడేశాడు. నా తీగను నోట్లో పెట్టుకున్నాడు.

"తప్పైపోనాది తల్లీ, ఏటీ అనుకోకు," అని పటపటా కొరికాడు.

అలాంటి నొప్పి నేనెరగను. పదకొండేళ్లు నన్ను తుడిచిన మనిషి.

మేజరు వచ్చి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "అదే పేజీ మళ్లీ చదువు," అన్నాడు. పైడమ్మ చదివింది. నేను ప్రతి మాటా విన్నాను, పంపాను. తెగిన చోటికి వెళ్లి అన్నీ ఆగిపోయాయి.

మేజరు తీగను వేళ్ల మధ్య జార్చుకుంటూ వచ్చి గాయం దగ్గర ఆగాడు. అక్కడ ఎర్రగా ఉంది. సింహాద్రి పొద్దుటినుంచీ కిళ్లీ నములుతూనే ఉన్నాడు. ఆ తొందరలో ఆ సంగతే అతనికి తోచలేదు. మేజరు తీగను చూశాడు. ఎర్రబడ్డ సింహాద్రి పెదవులను చూశాడు. నా ప్రాణం ఎగిరిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు గమనించాను, నన్ను పట్టుకున్న ఆ వేళ్లు కూడా వణుకుతున్నాయి. మూడో పేరున్న ఆ పేజీ అడుగున సంతకం అతనిదే కదా.

మేజరు జేబులోంచి చేతిరుమాలు తీశాడు. తీగ మీది ఎరుపును శుభ్రంగా తుడిచి, రుమాలు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఎలుక," అన్నాడు.

"ఎలుకేనండి," అన్నాడు సింహాద్రి నోరు పెద్దగా తెరవకుండా.

మూడు కాకముందే పైడమ్మ బడికి పరిగెత్తింది. నాకు 'ఎలుక కొరికింది' అని చీటీ కట్టి పాత సామాను గదిలో పడేశారు. నేరం జరిగాక నేరస్థుణ్ణి పట్టుకోకపోతే సైన్యానికి నామోషీ. వారం తిరక్కుండా ఎలుకల మీద దండయాత్రకు ఉత్తర్వులొచ్చాయి. బోనులు పట్టుకుని ఇద్దరు సిపాయిలు నేనున్న గదిలోకి వచ్చారు. మూల మూలలా వెతికారు.

"ఇక్కడ ఒక్క ఎలుక కూడా లేదు. అంతా బూటకం," అన్నాడు ఒకడు.

రెండోవాడు అదిరిపడి చుట్టూ చూశాడు. అతని చూపు నా మీద పడి అక్కడే బిగుసుకుపోయింది. మెల్లగా దగ్గరికి వచ్చి, నా తెగిన తీగ చివర పట్టుకుని చూశాడు.

"నోరు ముయ్యి," అన్నాడు అప్పుడు, కాస్త ఊపిరి పీల్చుకుని. "ఏడు పట్టామని రాసెయ్."

ఇద్దరి మాటలూ విన్నాను. ఎక్కడికీ మోసుకుపోనక్కర్లేదు కనుక, పుట్టాక మొదటిసారి భయపడకుండా విన్నాను.