తాజా కణాలు

ప్రకాశరావు ఎముకల్లోని మూలుగను మందులతో ఖాళీ చేసింది మేమే. రక్త క్యాన్సర్ మూడోసారి తిరగబెట్టింది; ఇక మిగిలింది ఒకటే దారి. పాత మూలుగను చంపి, అన్న గంగరాజు రక్తంలోంచి తీసిన మూలకణాలు ఎక్కించాలి. అవి నాటుకునేదాకా అతని ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణం ఒక్కటీ ఉండదు. జలుబు చేసినా పోతాడు.

ఆ కణాలను ముందే తీసి ఫ్రీజరులో దాచవచ్చు. వార్డు డాక్టరుగారు అలాగే చేద్దామన్నారు. వద్దని పట్టుబట్టింది నేను. అన్న రక్షణకణాలు తమ్ముడి క్యాన్సర్‌ను తొలి గంటల్లో ఎలా గుర్తుపట్టి చంపుతాయన్నదే నా పరిశోధన. గడ్డకట్టించి కరిగిస్తే వాటిలో సగం నీరసపడతాయి. నాకు తాజావి కావాలి. ఇలాంటి అన్నదమ్ముల కోసం నాలుగేళ్ళు కాచుకుని కూర్చున్నాను.

గంగరాజు కణాలివ్వడానికి సోమవారం విశాఖలో మా ఆస్పత్రికి రావాలి. ఆదివారం ముక్తేశ్వరంలో వాళ్ళ బాబాయి పోయాడు. పిల్లల్లేని మనిషి. గంగరాజే తలకొరివి పెట్టాడు. నేను ఫోను చేసి అరిస్తే, ప్రతి మాటకీ మా వైపు అవునన్నట్టు ‘ఆయ్, ఆయ్’ అంటూనే, పదకొండో రోజు పెద్దకర్మ అయ్యేదాకా ఊరు దాటనన్నాడు. నాదీ అటువైపు రాజోలే. కర్మ చేసేవాడు కదలడని నాకొకరు చెప్పాలా? నాకు కోపమొచ్చింది మాత్రం ఆ బాబాయి మీద. ఇంకొక్క వారం బతకలేకపోయాడు.

కారు వేసుకుని ముక్తేశ్వరం వెళ్ళాను. గంగరాజు వీధి అరుగు మీద, చాప కూడా లేకుండా కూర్చుని ఉన్నాడు.

“మీ తమ్ముడు పోతాడండి,” అన్నాను.

“అంత మాట అనకండి మేడంగారూ. బాబాయికి నేను తప్ప ఎవరున్నారండి. కావాలంటే ఇక్కడే తీసి పట్టుకెళ్ళండి,” అని చెయ్యి చాపాడు.

“కణాలు తీసే మిషను ఇక్కడికి రాదండి.”

లోపల్నుంచి పిన్ని సుబ్బాయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఎల్లరా అంటున్నానమ్మా. మధ్యలో వదిలేత్తే ఆయన ఆత్మ ఊరుకోదంటాడు.”

గంగరాజు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మస్కట్‌లో పనిచేసినప్పుడు మా రూమ్మేటుకి ఇలాగేనండి. వాళ్ళ చెల్లి దగ్గర ముందే తీసి, ఐసులో దాచేరండి. నేను నెలరోజుల్నించి ఖాళీగానే ఉన్నాను కదండీ. ఎప్పుడు పిలిచినా వచ్చేవాణ్ణి.”

కారు తాళంచెవి బయటికి తీశాను.

“మీ తమ్ముడి రోగానికి అలా పనికిరాదండి,” అన్నాను.

“ఆయ్. అయితే తప్పంతా నాదేనన్నమాట.”

నేను కాదనలేదు. తిరిగి కారెక్కాను.

బాబాయి పోయిన తొమ్మిదో రోజు ప్రకాశరావుకి జ్వరం నూటనాలుగు. మాస్కు పక్కకి లాగి మరీ చెప్పాడు: “అన్నయ్యనేమీ అనకండి మేడం. చిన్నప్పుడు బాబాయి మా ఇద్దర్నీ ఎత్తుకు తిరిగేడండి.” మందులు మార్చాం, రక్తం ఎక్కించాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పన్నెండో రోజు తెల్లవారుతుండగా పోయాడు.

తొమ్మిదింటికి గంగరాజు వచ్చాడు. గుండు మీద ఇంకా పసుపు మరక ఉంది. రక్తం ఇవ్వాలి కదాని మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కాడట. సంగతి చెప్పాను. గోడకి ఆనుకున్నాడు.

“నేను రాకే పోయేడు కదండీ?”

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. దాని వెనకే నా నాలుగేళ్ళూ వచ్చి నిలబడ్డాయి.

“ఆయ్,” అన్నాను. చదువుకని ఊరొదిలాక ఆ మాట నేను అనడం అదే మొదటిసారి.

అక్కడితో ఊరుకున్నానా? “ఎలాగూ వచ్చేరు కదండీ, పరిశోధనకి ఒక ట్యూబు రక్తం ఇచ్చి వెళ్ళండి. ఇంకొకరి తమ్ముడికైనా పనికొస్తుంది.”

“మళ్ళీ మైలలో ఉన్నానండి. పర్లేదాండీ?”

“పర్లేదండి.”

చొక్కా చెయ్యి మడిచాడు. నరం సులువుగా దొరికింది. సూది తీశాక దూదితో అదిమిపెట్టుకుని, నాకు దండం పెట్టి, తమ్ముణ్ణి తీసుకెళ్ళడానికి మార్చురీ ఎటో అడిగి వెళ్ళాడు.

ఆ ట్యూబు లాబుకి పట్టుకెళ్ళి, కణాలు వేరుచేసి, పేరు రాసి, నా చేత్తోనే ఫ్రీజరులో దాచాను.