రాజేందర్ మాంసం విడిచిన కథ

2023 ఫిబ్రవరి 12, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్క హోటల్లో రాజేందర్ మటన్ కూర అడిగాడు. అడగడానికి అతనికి ఆరేళ్లు పట్టింది.

రాజేందర్‌కు నత్తి. తండ్రి బతికినన్నాళ్లు మగ్గం నేసి పోయాడు. కొడుకు నల్లగొండలో నీటిపారుదల శాఖ ఆఫీసులో కాలువల పటాలు గీస్తాడు. మాటతో పని లేని ఉద్యోగం కావాలని వెతికి మరీ చేరాడు. గీత గీసేవాణ్ని పట్టుకుని ‘ఊపిరి తీసుకో, మెల్లగా గీయి’ అని ఎవరూ అనరు.

చిక్కంతా తిండి దగ్గరే.

నత్తి అన్ని అక్షరాల దగ్గరా ఒక్కలా ఉండదు. రాజేందర్‌కు అచ్చులు వస్తాయి. మ, ప, బ, చ, క దగ్గర మాట నిలిచిపోతుంది. అందుకని హోటల్లో ఇడ్లీ తింటాడు, ఉప్మా తింటాడు, ఆలూ కూరతో అన్నం తింటాడు. దోశ తినాలనిపిస్తే ఆనియన్ దోశ అంటాడు. ఆనియన్ అన్న ఊపులో దోశ కూడా వచ్చేస్తుంది. ఉల్లిపాయ అతనికి ఇష్టం లేదు. ముక్కలు ఏరి పక్కన పెట్టి మిగతాది తింటాడు. ఎగ్ బిర్యానీ అనగలడు గానీ కోడిగుడ్డు వాసన పడదు. మటన్ అంటే ప్రాణం. ఆ మాట మొదలయ్యేదే మ తో.

అన్ని దారులూ చూశాడు. ‘అన్నా, మటన్’ అని ముందొక అచ్చు తగిలించి చూశాడు. అన్నా వచ్చింది, మటన్ రాలేదు. అతను తినే హోటళ్లలో మెనూ కార్డు ఉండదు. వెయిటరే బల్ల దగ్గర నిలబడి చికెన్ మటన్ బోటి తలకాయ అని ఒక్క గుక్కలో అప్పజెప్పి మన నోటి వంక చూస్తాడు. పక్క బల్ల మీది ప్లేటు వేలితో చూపిస్తే, ఆ ప్లేటు ముందున్నాయన “ఏం జూస్తున్నవ్ తమ్మీ?” అని ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. కాగితం మీద రాసిస్తే వెయిటర్ మూగవాడనుకుని సైగలు చేశాడు, సైగ అర్థం కాలేదేమోనని చెవి దగ్గర అరిచాడు కూడా. క్లాక్ టవర్ దగ్గరి హోటల్లో ఒకసారి పట్టుబట్టి మ దగ్గర నిలబడ్డాడు. వెయిటర్ కాసేపు చూసి వంటింటి వైపు తిరిగి కేకేశాడు. “అన్నకు సిగ్నల్ దొర్కుతలేదు, జర ఆగుర్రి!” హోటలంతా నవ్వింది. రాజేందర్ ఉప్మా తిని వచ్చేశాడు.

తల్లి రామమ్మ ఉన్నన్నాళ్లు ఈ బాధ లేదు. ఆదివారం మటన్ వండేది, అడగకుండానే వడ్డించేది. 2016 డిసెంబరులో ఆమె పోయింది. నెల మాసికం అయ్యాక అక్క ఆండాళు, బావ అశోక్‌కుమార్ అతన్ని హోటల్‌కు తీసుకెళ్లారు. వాళ్లిద్దరూ మటన్ చెప్పారు. రాజేందర్ ఆలూ కూర చెప్పాడు. ఆండాళు తమ్ముడి ప్లేటు చూసింది. కళ్ల నీళ్లు పెట్టుకుంది.

“అమ్మ పేరు మీద ముక్క విడిచినవా తమ్మీ?”

పోయినవాళ్ల పేరు మీద ఇష్టమైన తిండి ఒకటి విడవడం వాళ్లలో ఉంది. కాశీకి పోయినవాళ్లు కాకరకాయో గుమ్మడికాయో విడిచి వస్తారు. తినేది విడిచినవాళ్లు తక్కువ. రాజేందర్ కాదు అనబోయాడు. కాదు అన్న మాట క దగ్గర ఆగింది. అది బయటికొచ్చే లోపల అశోక్‌కుమార్ ఆ సంగతి పక్క బల్ల వాళ్లకు చెప్పేశాడు.

అశోక్‌కుమార్ ఇన్సూరెన్స్ ఏజెంటు. కులసంఘం సభల్లో మైకు అతని చేతిలోనే ఉంటుంది. అతను మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోగా చూసినవాళ్లు లేరు. బామ్మర్దికి మాత్రం కలిసినప్పుడల్లా ఊపిరి తీసుకోమని చెబుతాడు. నాలుక మీద వస అరగదీసి రాయించింది అతనే. గుడి గంట తిరగేసి అందులో నీళ్లు పోసి తాగించిందీ అతనే. నీళ్లు తాగాక “ఏదీ, మైసమ్మ అను” అన్నాడు. రాజేందర్ అనలేకపోయాడు. “నమ్మకం ఉండాలె,” అని తేల్చాడు అశోక్‌కుమార్. తప్పు గంటది కాదు, నీళ్లది కాదు, తాగినవాడిది.

అట్లా రాజేందర్ మాంసం విడిచినవాడయ్యాడు. ఆండాళు ఆదివారం అందరికీ మటన్ వండి తమ్ముడికి వేరే గిన్నెలో పప్పు పెట్టేది. పెళ్లిళ్లలో అతన్ని నామాలు పెట్టుకున్న పెద్దమనుషుల వరసలో కూర్చోబెట్టేవాళ్లు. సత్తమ్మ అనే మేనత్త, అంతకుముందు అతన్ని నత్తోడా అని పిలిచిన మనిషే, మనవడికి పుట్టువెంట్రుకలు తీసిన రోజు “నువ్వు నిష్ట గల్లోనివి బిడ్డా, నాలుగు అక్షింతలెయ్యి,” అంది. రాజేందర్ వేశాడు. నిజం చెప్పాలంటే ఆ మర్యాద అతనికి బాగానే ఉంది. నత్తిని చూసి నవ్వే జనం పప్పు తినేవాణ్ని చూసి దండం పెడుతున్నారు. అలాంటి జనానికి నిజం చెప్పడానికి అంత కష్టపడడం దండగ అనుకున్నాడు.

ఆలేరులో నూలు దుకాణం నడిపే చంద్రయ్య ఇంట్లో రెండు తరాలుగా మాంసం లేదు. కూతురు మానస భువనగిరిలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. మాంసం ముట్టని పిల్లవాడు కావాలని చంద్రయ్య అడిగితే అశోక్‌కుమార్ ఉన్నడన్నాడు. నత్తి సంగతి చెప్పలేదు. “పిలగాడు మితంగ మాట్లాడ్తడు,” అన్నాడు.

ఫోటోలు నచ్చాయి. రాజేందర్, మానస రెండు వారాలు వాట్సాప్‌లో మాట్లాడుకున్నారు. ఆ రెండు వారాల్లో రాజేందర్ రాసినన్ని మాటలు అంతకుముందు ఏడాదిలో మాట్లాడి ఉండడు. ఆమె తన ల్యాబ్‌లో జరిగే జోకులు రాసేది. అతను దానికి పైన ఇంకోటి రాసేవాడు. ఒకరోజు అడిగింది, నాన్‌వెజ్ నిజంగానే మానేశారా అని. రాజేందర్ అవును అని టైపు చేశాడు. వేళ్లకు నత్తి లేదు. అబద్ధం తడుముకోకుండా వెళ్లిపోయింది.

ఆ సంబంధం అతనికి కావాలి. మటన్ సంగతి ఆలోచించాడు. ఎలాగూ దొరకడం లేదు, ఇక నిజంగానే మానేస్తే సరిపోతుందనుకున్నాడు.

రెండు వైపుల వాళ్లూ కలవడానికి నార్కట్‌పల్లి హోటల్ అనుకున్నారు. ఆ చోటు చెప్పింది చంద్రయ్యే. ఆ హోటల్లో రెండు రకాలూ వండుతారు. శాకాహారి మనిషి అక్కడికి ఎందుకు రమ్మన్నాడని అశోక్‌కుమార్ అడగలేదు. ఎదుటివాణ్ని అడిగే అలవాటు అతనికి లేదు.

బల్లకు ఒక వైపు రాజేందర్, ఆండాళు, అశోక్‌కుమార్. ఇంకో వైపు చంద్రయ్య, మానస. మానసకు తల్లి లేదు. అశోక్‌కుమార్ జిల్లాలో పత్తి ధర, రోడ్డు వెడల్పు, తాను కట్టించిన పాలసీలు చెప్పాడు. రాజేందర్ తల ఊపాడు. వెయిటర్ ఎల్లేష్ మెనూ కార్డు తెచ్చాడు. అశోక్‌కుమార్ దాన్ని తెరవకుండానే తిరిగిచ్చాడు.

“మాకు కార్డెందుకన్నా? అంత వెజ్జే. చంద్రయ్య మామకు పెరుగన్నం. చెల్లెకు?”

“నాకు జీరా రైస్,” అంది మానస. రాజేందర్ వైపు తిరిగింది. “మీరేం తింటరు?”

రాజేందర్ ఆలూ అనుకున్నాడు. ఆ అన్నాడు. మాట అక్కడే ఆగింది. అచ్చు మీద ఆగడం అతనికి అదే మొదటిసారి.

“ఆనియన్ దోశ!” అన్నాడు అశోక్‌కుమార్. “మావోడు గదే తింటడు మామా. ఆర్నెల్లు గాదు, ఆరేండ్లాయె. మా అత్త పానం పొయ్యేటప్పుడు వీని చెయ్యి వట్టుకున్నది. కొడుకా, గీ ముక్క విడువుర, నా ఆత్మకు శాంతి ఉంటదన్నది. గప్పుడు విడిచిండు. నా కండ్లతోని జూసిన.”

రామమ్మ దవాఖానలో పోయింది. అప్పుడు అశోక్‌కుమార్ కిందికి టీ తాగడానికి పోయాడు. ఆమె చెయ్యి పట్టుకున్న మాట నిజం. “నేను లేస్తే ఐతారం మటన్ ఒండుత, నల్లి బొక్క నీకే,” అంది. అది విన్నది రాజేందర్ ఒక్కడే. బావ ఇప్పుడు ఆమె నోట్లో ఇంకో మాట పెట్టి పిల్లనిచ్చే మామకు అమ్ముతున్నాడు. అక్క దానికి కళ్లు తుడుచుకుంటోంది.

“రాసుకో అన్నా, ఆనియన్ దోశ,” అన్నాడు అశోక్‌కుమార్ ఎల్లేష్‌తో.

“ఆయన్ను చెప్పనియ్యుండ్రి,” అంది మానస.

రాజేందర్ పెదవులు కలిశాయి. మళ్లీ విడిపోలేదు. మెడ నరం లేచింది. మొదటి శబ్దం ఒకటి బయటికి వచ్చింది.

“మ...”

“మసాలా దోశనా సార్?” అన్నాడు ఎల్లేష్.

రాజేందర్ తల అడ్డంగా ఊపాడు. “మ...”

“మష్రూమ్? మంచూరియా?”

“మామిడికాయ పప్పు తమ్మీ?” అంది ఆండాళు.

“మజ్జిగ!” అన్నాడు అశోక్‌కుమార్. “ఎండల వచ్చిండు గదా. మజ్జిగ తే అన్నా. పిలగానికి జర గాబరా, ఇంకేం లేదు మామా. పొద్దుగాల్నుంచి తిన్లే.” బామ్మర్ది వీపు మీద చెయ్యి వేశాడు. “ఊపిరి తీస్కో.”

రాజేందర్ ఆ చేతిని తీసి బల్ల మీద పెట్టాడు.

చంద్రయ్య అతని వైపే చూస్తున్నాడు. మానస కూడా అంతే. ఫోను చూడలేదు, గోడ చూడలేదు. ఎల్లేష్‌కు తెలిసిన మ లన్నీ అయిపోయాయి. అతను కాగితం మీద పెన్ను ఆనించి ఆగాడు.

“మ... మ... మటన్,” అన్నాడు రాజేందర్. “మటన్ కూర. అన్నం.”

అశోక్‌కుమార్ నవ్వాడు. “పరాచికమాడ్తుండు మామా.”

“పరాచికం కాదు,” అన్నాడు రాజేందర్. ప దగ్గర ఆగాడు, క దగ్గర ఆగాడు, అయినా పూర్తి చేశాడు. “నేను విడవలేదు. అడగ రాక తినలేదు. మా అమ్మ అట్ల అనలేదు.”

ఎల్లేష్ మటన్ రాసుకున్నాడు. ఈ గొడవతో అతనికి సంబంధం లేదు. “నల్లి ఉన్నది సార్, తేవాల్నా?” అన్నాడు. రాజేందర్ తేమన్నట్టు తల ఊపాడు.

అశోక్‌కుమార్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “మామా, నత్తి సంగతి నేనే చెప్దామనుకున్న. చిన్నప్పటి సందిది. ఇప్పుడు తగ్గుకుంట వస్తున్నది. పెండ్లయితే పోతదని డాక్టరు గుడ...”

“నత్తి సంగతి నాకెర్కనే అశోకూ,” అన్నాడు చంద్రయ్య. “ఫోటో వచ్చిన దినమే నల్లగొండల అడిగిపిచ్చిన. మా తమ్మునికి గుడ నత్తే. దుకాణంల గల్లా మీద గూసుంటడు, గిరాకీ ఏం తగ్గలే. నత్తి మాకు అడ్డం గాదు. ముక్క అడ్డం. గందుకే ఈడికి రమ్మన్న. కూర వాసన తగిలే జాగల కూసుంటె మనిషి తెలుస్తడు.”

పెరుగన్నం వచ్చింది. చంద్రయ్య దాన్ని పూర్తిగా తిన్నాడు. ఇంటికి పోవడానికి రెండు బస్సులు మారాలి. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. అశోక్‌కుమార్ వెనకాలే వెళ్లాడు. అద్దం దగ్గర అతని మాట వినిపిస్తూనే ఉంది.

మానస జీరా రైస్ సగం తిని వదిలేసింది.

“నాకు మెసేజ్‌ల రాస్తే ఐపోవు గదా,” అంది. “వేళ్లకేమైంది?”

హోటళ్లలో మ దగ్గర ఆగితే నవ్వారని, ఉప్మా తిని వచ్చేవాణ్నని రాజేందర్ ఆగి ఆగి చెప్పాడు.

“హోటలోళ్లు నవ్విండ్రంటే సరే. నేను నవ్విన్నా? ఆరేండ్లు ఉప్మా తిన్నరంటే ఆళ్ల తప్పు. నాకు అవునని రాసుడు మీ తప్పు.” బ్యాగు తీసుకుంది. “మా బాపు ఒప్పుకోడు. మీరు చెప్పుంటే ఒప్పిచ్చెటోళ్లమో ఏమో. ఇప్పుడు నాకు గుడ ఇష్టం లేదు.”

లేచింది. రెండడుగులు వేసి ఆగింది. “మటన్ మంచిగనే అడిగిండ్రు,” అని తండ్రి వైపు వెళ్లిపోయింది.

మటన్ వచ్చింది. అశోక్‌కుమార్ తిరిగొచ్చి నిలబడే మాట్లాడాడు. సంఘంలో తలెత్తుకుని ఎట్ల తిరగాలన్నాడు, నీకింక సంబంధం నా చేత్తోని చూడనన్నాడు, ఇంకా చాలా అన్నాడు. రాజేందర్ నల్లి చేత్తో పట్టుకుని, ప్లేటు మీద కొట్టి, మూలుగ జుర్రుకున్నాడు. అది రామమ్మ వండినంత బాగాలేదు. ఉప్పు ఎక్కువైంది.

“గన్నొద్దులు నీకు వేరేగ పప్పు ఒండిన గదరా,” అంది ఆండాళు. “వొండేటప్పుడల్ల ఏడ్సిన.”

“ఎ... ఎరుకే అక్కా,” అన్నాడు రాజేందర్. కూర గిన్నె ఆమె వైపు జరిపాడు. ఆమె మొగుడి వంక చూసింది. తర్వాత రెండు ముక్కలు వేసుకుంది.

మానస పెళ్లి ఆ ఏడు మే నెలలో జనగామ సంబంధంతో ఆలేరులో జరిగింది. నల్లగొండలోని సంఘం వాళ్లందరికీ చంద్రయ్య పత్రికలు పంపాడు. రాజేందర్‌కూ వచ్చింది. అశోక్‌కుమార్ వెళ్లలేదు. రాజేందర్ వెళ్లాడు. భోజనాల్లో మాంసం లేదు. అతను విస్తరి ముందు కూర్చుని వడ్డించే మనిషిని మళ్లీ పప్పు అడిగాడు. మాట పూర్తయ్యే దాకా ఆ మనిషి గరిటె పట్టుకుని నిలబడ్డాడు.