మెరూన్ మీద ఏ నలుపు

నేను ఒక కారును. మనిషి చెయ్యి తగలకముందే యంత్రాల చేతులు నన్ను పట్టుకున్నాయి. రేకులను నొక్కి వంచాయి, నిప్పురవ్వలు రేపి అతికించాయి, మందుతొట్టిలో ముంచి తీశాయి. ఆ తర్వాత ముదురు మెరూన్ రంగు పూసి కొలిమిలాంటి గదిలో కాల్చాయి. అంత బాధ పెట్టిన తర్వాత ఎవరో ఒకాయన మెత్తటి గుడ్డతో తుడిచి, "మెరుస్తోంది" అన్నాడు. మనుషులు మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

ఒంగోలు షోరూములో నన్ను కొన్నది మాలకొండయ్య. చీమకుర్తి వెళ్ళే దారిలో ఆయనకు ఒక గ్రానైటు క్వారీ ఉంది. అందరూ తెల్ల కారు తీసుకోమన్నారు.

"తెలుపొద్దు. ఇది మా ఆడమనిషి పెళ్లికోక రంగు" అని నా బానెట్ మీద చెయ్యి వేశాడు.

ఎక్కేముందు ఆయన చెప్పులు విప్పి, ఒకదానితో ఒకటి కొట్టి దుమ్ము దులిపేవాడు. రోజంతా దుమ్ములోనే బతికేవాడు. నాలోకి మాత్రం దాన్ని రానిచ్చేవాడు కాదు.

ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సింగరయ్య క్వారీలో రాయి పేల్చే పని చూసుకునేవాడు. చిన్నవాడు ఫణీంద్ర యంత్రాలు, వాటి మరమ్మతులు చూసేవాడు. ఒక మధ్యాహ్నం మాలకొండయ్య నన్ను క్వారీ అడుగున ఆపి, బానెట్‌కు ఆనుకుని ఫోను మాట్లాడుతున్నాడు. పేల్చేముందు సైరన్ మోగాలి. ఆ రోజు మోగలేదు. కొండ ఒక్కసారిగా బద్దలైంది. రాళ్ళు వడగళ్ళలా కాదు, కక్షగట్టినట్టు వచ్చాయి. ఒకటి నా పైకప్పును సొట్టబెట్టింది. కొన్ని నా బానెట్‌ను రేకుదాకా గీరాయి. ఒకటి ఆయన కణత మీద తగిలింది. కింద పడుతూ ఆయన నన్ను పట్టుకోబోయాడు. గోళ్ళు నా మీద జారిన చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

ఆయన్ను లారీలో తీసుకెళ్ళారు. దారిలోనే పోయాడట. సాయంత్రం దాకా నేను అక్కడే ఉండిపోయాను. మెరూన్ మీద రక్తం తొందరగా కనపడదు. ఎండిన తర్వాత కూడా ఎవరూ కడగలేదు.

దినకర్మలు అయ్యాక అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒక్కటే మిగిలింది. గుంటూరులో ఎవరి పెళ్ళిలోనో, మెరుపు బొత్తిగా లేని నల్ల కారును చూశారు. పలక మీద బొగ్గు పూసినట్టున్న ఆ మ్యాట్ నలుపే నాకూ కావాలన్నారు. నన్ను బైపాస్ పక్కన జిలానీ షెడ్డుకు తెచ్చారు. జిలానీ నలభై ఏళ్ళ మనిషి, పెయింట్ పని చేస్తాడు, కారు మీద అతికించే రంగు ఫిల్మ్ కూడా వేస్తాడు.

"రెండు దార్లున్నాయన్నా" అన్నాడు జిలానీ. "పెయింటైతే ఇప్పుడున్న రంగంతా గీకి, సొట్టలు తీసి, కొత్తగా కొట్టాల. గుంటలన్నీ పోతాయి. కానీ మ్యాట్ పెయింటు మహా సున్నితం. గీత పడితే పాలిష్ పట్టేదానికి లేదు, పట్టినకాడ మెరుస్తది. ఆ డోరంతా మళ్ళా కొట్టాల్సిందే. ఫిల్మైతే పైన అతికిస్తా. చిన్నచిన్న గీతలు ఎండవేడికే పోతాయి. వొద్దనుకుంటే కొన్నేళ్ళకి లాగేయొచ్చు, అడుగున రంగు అట్టాగే ఉంటది."

"మరి ఈ దెబ్బలు?" అడిగాడు ఫణీంద్ర.

"ఫిల్ము కింద గుంటలు కనపడతానే ఉంటాయన్నా. అది పలచటి పొర."

"అయితే పెయింటే."

"ఫిల్మే" అన్నాడు సింగరయ్య. "నాయన రంగు గీకేదానికి నేనొప్పుకోను. అడుగున ఉండాల."

"నాయన చచ్చిన గుంటలు నేను రోజూ చూడాల్నా?"

"చూడు. చూస్తే ఏం పోతది నీకు?"

ఫణీంద్ర అన్న చొక్కా పట్టుకున్నాడు. సింగరయ్య తమ్ముడి చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు ఫణీంద్ర నా అద్దానికి గుద్దుకుని, నుదురు చిట్లి కిందపడ్డాడు. జిలానీ అడ్డం పడి విడదీశాడు. మెరుపు లేని రంగు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కళ్ళల్లో నిప్పులతో వెళ్ళిపోయారు. నేను జిలానీ షెడ్డులోనే ఉండిపోయాను.

కొన్నాళ్ళకు ఫణీంద్ర ఒక్కడే వచ్చాడు. "అన్న ఒప్పుకున్నాడు. పెయింట్ కొట్టు" అన్నాడు. మేస్త్రీలు గీకుడు యంత్రం పెట్టి నా కుడి డోరు మీద మొదలుపెట్టారు. మెరూన్ పొడి గాలిలోకి లేచింది. దాని కింద బూడిద రంగు, ఆ కింద తెల్లటి రేకు బయటపడ్డాయి. చర్మం ఒలుస్తుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పాలంటే నాకు అంతకంటే మాట లేదు. జిలానీకి అనుమానం వచ్చినట్టుంది, పక్కకు వెళ్ళి సింగరయ్యకు ఫోను చేశాడు.

సింగరయ్య గునపంతో వచ్చాడు. వచ్చీ రాగానే యంత్రాన్ని ఒక్క పోటుతో పగలగొట్టాడు. రెండో దెబ్బ తమ్ముడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. ఫణీంద్ర మోకాళ్ళ మీద పడుతూనే పక్కనున్న పానా అందుకుని అన్న మూతి మీద కొట్టాడు. సింగరయ్య నోట్లోంచి రక్తంతో పాటు పళ్ళు నా టైరు పక్కన పడ్డాయి. మేస్త్రీలు బయటికి పరుగెత్తారు.

"నువ్వే చంపావురా నాయన్ని!" అని అరిచాడు ఫణీంద్ర. "కింద ఎవరున్నారో చూడకుండా పేల్చావు!"

"సైరన్ చెడిపోయిందని నీకు ఎన్నిసార్లు చెప్పా? బాగు చేపిచ్చావా?" సింగరయ్య నోటినిండా రక్తంతోనే అరిచాడు. "ఆ గుంటలు చూస్తే నీకు గుర్తొస్తాది. అందుకే గీకాలంటున్నావు!"

ఆ మాట గునపం కంటే లోతుగా దిగింది. ఫణీంద్ర ఒక్క చేత్తోనే నా తలుపు తెరిచి ఎక్కాడు. "దీన్ని క్వారీ గుంతలోకి తోసేస్తా. నీకూ వొద్దు నాకూ వొద్దు" అంటూ తాళం తిప్పాడు. సింగరయ్య వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"తొక్కించు. నాయన్ని నేను చంపితే నన్ను నువ్వు చంపు."

నా బ్రేకులు బాగానే ఉన్నాయి. వాటి మీద కాలు పడలేదు.

సింగరయ్యను గేటు స్తంభానికి, నాకు మధ్య నలిపేశాను. నలిపేశాను అనే అంటాను, ఎందుకంటే ఆ మోకాళ్ళు పిండి అయింది నా ముందు రేకు కిందే. ఆయన మొదట అరవలేదు. నా బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, తమ్ముడి కళ్ళలోకి చూశాడు. తర్వాత అరిచాడు. ఫణీంద్ర కిందికి దూకి, అక్కడే వాంతి చేసుకున్నాడు. జిలానీ పరుగున వచ్చి నన్ను వెనక్కి తోశాడు. సింగరయ్యను వెనక సీట్లో పడుకోబెట్టారు. నాలోంచి నీళ్ళు, రక్తం, నూనె కారిపోతుండగా, విరిగిన భుజంతో ఫణీంద్రే నన్ను ఆసుపత్రి దాకా నడిపాడు. దారంతా హారన్ మోగుతూనే ఉంది. "అన్నా, నిద్రపోవాకు" అంటూనే ఉన్నాడు.

సింగరయ్య బతికాడు. కుడికాలు మోకాలి పైనుంచి తీసేశారు.

నన్ను పోలీస్ స్టేషన్ ఆవరణలో పడేశారు. మిగతా సంగతులు అక్కడి కానిస్టేబుళ్ళ మాటల్లో విన్నాను. అన్నదమ్ముల తల్లి సుబ్బరత్తమ్మ పెద్దకొడుకు మంచం పక్కన కూర్చుని, "మీ నాయన మట్టిలోకి పోయినాడు, ఒకడికి కాలు పోయింది. ఇంకొకడు జైలుకి పోతే నేనెవరికి అన్నం పెట్టాల?" అందట. సింగరయ్య పోలీసులకు తనే కారుకు అడ్డం వచ్చానని చెప్పాడు. జిలానీ కూడా ఆ మాటే అన్నాడు. ప్రమాదం అని రాసుకుని ఫణీంద్రను వదిలేశారు. వదిలిన రోజున తమ్ముడు కాళ్ళ మీద పడబోతే, సింగరయ్య ఉన్న ఒక్క కాలూ ముడుచుకున్నాడట. "నేను నిన్ను వదల్లా. అమ్మ అడిగిందని అబద్ధం చెప్పా, అంతే."

కోర్టు నన్ను విడిచిపెట్టాక క్రేనుతో మళ్ళీ జిలానీ షెడ్డుకు తెచ్చారు. ముగ్గురూ వచ్చారు. సింగరయ్య చంకకర్రలతో, ఫణీంద్ర సరిగా అతకని భుజంతో, వాళ్ళ మధ్య తల్లి. జిలానీ నేలచూపులు చూస్తూ అడిగాడు, "బాగైతే చేయొచ్చన్నా. పైన ఏం వేయమంటారు?"

"ఫిల్మే వెయ్యి" అన్నాడు ఫణీంద్ర. "అన్న చెప్పినట్టే. గుంటలు ఉండనీ. నేను చూస్తా."

"వొద్దు, పెయింట్ కొట్టు" అన్నాడు సింగరయ్య. "అంతా గీకెయ్. నాకు చూడబుద్ధి కావట్లేదు."

"నువ్వే కదన్నా నాయన రంగు ఉండాలన్నది?"

"అప్పుడన్నా. ఇప్పుడు చెప్తున్నాగా, పెయింటని!"

"నా కోసం చెప్పొద్దు. ఫిల్మే!"

"నువ్వెవడివిరా నాకు చెప్పేదానికి?" సింగరయ్య చంకకర్ర పైకి లేచింది.

సుబ్బరత్తమ్మ సొట్టలు తీసే చోట ఉన్న సమ్మెట అందుకుంది. క్వారీ తమదయ్యేముందు ఆమె మొగుడితో పాటు రాళ్ళు కొట్టిన మనిషి. పట్టు మరిచిపోలేదు. మొదటి దెబ్బకు నా ముందద్దం ముక్కలై సీట్లలో కురిసింది. రెండోదానికి బానెట్ వంగిపోయింది. కొడుకులిద్దరూ "అమ్మా!" అంటున్నా ఆమె ఆగలేదు. పైకప్పు, తలుపులు, దీపాలు, చేతికందినవన్నీ కొట్టింది. ఆమె ఏడుస్తున్న చప్పుడు ప్రతి దెబ్బకూ మధ్య వినపడేది. అలిసిపోయి, సమ్మెట కింద పడేసి, ఆయాసపడుతూ అంది:

"ఇప్పుడెయ్యండిరా. ఏ నలుపు ఏస్తారో ఎయ్యండి."

ఆమె ముందు నడిచింది. నేలంతా గాజుపెంకులు. సింగరయ్య కర్ర జారింది. ఫణీంద్ర మోచేతి కింద పట్టుకున్నాడు. సింగరయ్య విదిలించుకోబోయి, పడిపోతానని తెలిసి ఆగాడు. గేటు దాటేవరకు అలాగే నడిచారు. ఆ తర్వాత ఏమైందో నాకు కనపడలేదు.

ఇప్పుడు నేను తుక్కు దుకాణంలో ఉన్నాను. ఇంజను ఎవరో విప్పుకుపోయారు. గీకుడుకు గానీ సమ్మెటకు గానీ చిక్కని తలుపు ఒక్కటే మిగిలింది. నిన్న ఒక టాక్సీ అతను వచ్చి దాన్ని బేరం చేశాడు. అతని బండీ నాలాంటిదే, కాకపోతే తెల్లది.

"మెరూన్ కదయ్యా, తెల్లబండికి ఎట్టా సరిపోద్ది?" అన్నాడు దుకాణదారు.

టాక్సీ అతను తలుపును రెండుసార్లు తెరిచి మూశాడు. గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చెవి పెట్టి విన్నాడు.

"పిల్లల్ని బడికి తోలే బండి" అన్నాడు. "తలుపు గట్టిగా పడితే చాలు."