దేవయ్య పూడ్చిన ఇసుర్రాయి

కొత్త రోడ్డు వేసే ముందు నేల కింద పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో చూడాలని పురావస్తు శాఖ వాళ్లు రుద్రంగిలో దిగితే ఊరంతా సంబరపడింది. దేవయ్య గుండెల్లో మాత్రం రాయి పడింది. వాళ్లు తాళ్లు కట్టి గుంతకు గుర్తు పెట్టింది సరిగ్గా అతని ఇంటి వెనక, పాత పెంటకుప్ప జాగాలో.

దాని కింద వాళ్లమ్మ ఇసుర్రాయి ఉంది. అమ్మ పోయాక అది నాదంటే నాదని అతని భార్య లసుమవ్వ, వదినె రుక్కమ్మ పొద్దున లేస్తే కొప్పులు పట్టుకునేవాళ్లు. బట్ట నేసే కరెంటు సాంచల చప్పుడులో ముప్పొద్దులా బతికే దేవయ్యే ఆ లొల్లి భరించలేకపోయాడు. ఇద్దరూ ఎల్లారెడ్డిపేటకు పెండ్లికి పోయిన రోజు చూసి రాయిని పూడ్చేశాడు. అమ్మ తిప్పిన రాయిని ఒట్టి మట్టిలో పెట్టడానికి చేతులు రాక, తన సాంచ మీద నేసిన పాలిస్టర్ బట్టలో చుట్టాడు. మట్టిల బొందవెట్టినా చీకిపోదని కల్లు మండువలో అతను గొప్పలు చెప్పుకునే బట్ట అదే.

తిరిగొచ్చిన ఆడవాళ్లు నువ్వు అమ్ముకున్నవంటే నువ్వని తిట్టుకుని మాటలు బంద్ చేశారు. ఇప్పటికి ఇరవై ఏళ్లు. పక్కపక్క ఇండ్లే, ఇంత చింతపండు కూడా చేతులు మారలేదు. ఆ పాపం తనదేనని దేవయ్యకు తెలుసు. చెబితే ఏ ఇంట్లోనూ బువ్వ పుట్టదనీ తెలుసు.

గుంతకు ఈ చివరన లసుమవ్వ, ఆ చివరన రుక్కమ్మ నిలబడ్డారు. కూలివాళ్లు నడుము లోతు తవ్వారో లేదో గడ్డపార ఠంగుమంది. తవ్వకం చూసే తేజస్విని మేడం దిగి, బ్రష్షుతో మట్టి తుడవసాగింది.

దేవయ్యకు ఉపాయం తట్టింది. "రాజుల కాలంది మేడం! గీడ రాజుల వంటిల్లు ఉండెనని మా తాత చెప్పెటోడు. జల్ది మ్యూజియంకు తీస్కపోండ్రి."

"రాయి పాతదే అయ్యుండొచ్చు పెద్దాయనా. కానీ దీనికి బట్ట చుట్టి ఉంది," అంటూ ఆమె బట్టను విప్పి, దులిపి పైకెత్తింది. ఎండకు తళతళమంది. ఒక్క పోగు చీకిపోలేదు.

"రాజుల కాలంల సాంచలున్నయా అయ్య?" అంది లసుమవ్వ మొగుడి వైపు చూసి. అంతలో రాయి అంచున ఊడిన పెచ్చు కనబడి ఆమె గొంతు మారిపోయింది. ఇరవై ఏళ్ల పంతం మరిచి అటు తిరిగింది. "అక్కా, గిది మనత్త ఇసుర్రాయి గాదే?"

"గదేనే లసుమ! గా పెచ్చు నా చేతులనే వోయింది."

అక్కా అన్న మాట చెవిన పడగానే దేవయ్యకు సంతోషంతో కండ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి రాలేలోపే ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. ముత్తాతల దాకా ఎవరినీ వదల్లేదు. పాపం, మేడం గుంతలోనే నిలబడిపోయింది.

తిట్లు అయిపోయాక, రాయి ఎవరింటికి పోవాలన్న మాట వచ్చింది.

"పెద్దదానివి, నువ్వే తీస్కపో అక్కా."

"నాకెందుకే? చిన్నదానివి, నువ్వే ఇసురుకో."

నువ్వంటే నువ్వని మాట పెరిగింది. గొంతులు లేచాయి. కొప్పుల దాకా ఇంకా రాలేదు గానీ, వచ్చేట్టే ఉంది.

దేవయ్య మెల్లగా మట్టి ఎత్తే పార వైపు చేయి చాపాడు.

"ముట్టుకున్నవంటే చేతులిర్గుతయ్!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.